గిటార్ ఆన్‌లైన్‌లో కొనాలా, షాపుకెళ్లి కొనాలా? స్పెక్ షీట్‌లో కనపడని సంగతులు

ఫోన్ కొనేటప్పుడు మనకు ఒక ధైర్యం ఉంటుంది. మోడల్, ర్యామ్, స్టోరేజ్ ఒకటే అయితే చాలు. ఊళ్లో మొబైల్ షాపులో కొన్నా, సేల్‌లో బ్యాంక్ ఆఫర్ పెట్టి కొన్నా లోపల ఉండేది అదే చిప్, అదే డిస్‌ప్లే. అందుకే పది రివ్యూలు చూసి, ధరలు పోల్చుకుని కళ్లు మూసుకుని ఆర్డర్ పెట్టేస్తాం. గిటార్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఒకే మోడల్, ఒకే ధర, పక్కపక్క డబ్బాల్లో వచ్చిన రెండు గిటార్లు చేతిలోకి తీసుకుంటే రెండు వేర్వేరు వస్తువుల్లా అనిపించొచ్చు. చెక్క కదా, దేని గుణం దానిదే.

నేను రోజంతా కోడ్ రాసుకునే మనిషిని. సాయంత్రాలు గిటార్, శనాదివారాలు కాస్త కీబోర్డు. ఆఫీసులో ఎవరికి మొదటి జీతం పడినా నాకో మెసేజ్ వస్తుంది: "బ్రో, బిగినర్‌కి మంచి గిటార్ లింక్ ఒకటి పంపు." లింక్ పంపడం ఒక్క నిమిషం పని. కానీ నేను ముందు అడిగేది "మీ ఇంటి దగ్గర మ్యూజిక్ షాపు ఉందా?" అని. ఎందుకో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. షాపు అంటే అన్నీ మంచే అని కూడా అనుకోకండి, అక్కడ జరిగే తమాషాలు కూడా చెప్తాను.

అసలు విషయం యాక్షన్. సినిమా యాక్షన్ కాదు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్ని ఫ్రెట్లు అంటారు, వాటికీ తీగకీ మధ్య ఉండే ఎత్తే యాక్షన్. అకౌస్టిక్ గిటార్‌లో 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2 నుంచి 2.5 మి.మీ. ఉంటే హాయిగా వాయించుకోవచ్చు. అదే 3.5, 4 మి.మీ. ఉందనుకోండి, తీగ నొక్కడానికి వేళ్ల మీద బలం అంతా పెట్టాలి. పైగా తీగని ఎక్కువ కిందికి లాగితే అది ఎక్కువ సాగుతుంది, సాగితే శృతి పైకి పోతుంది. అంటే కొత్తగా నేర్చుకునేవాడు వేళ్లు నొప్పి పుట్టేలా నొక్కుతాడు, అయినా కార్డ్ అపశృతిగానే పలుకుతుంది. వాడికి తప్పు గిటార్‌దని తెలియదు. "నాకు సంగీతం రాదులే" అనుకుంటాడు. మన బ్యాచిలర్ రూముల్లో బీరువాల మీద దుమ్ము పట్టి పడున్న గిటార్లలో చాలావాటి కథ ఇదే అని నా నమ్మకం.

స్పెక్ షీట్‌లో ఈ యాక్షన్ సంగతి దాదాపు ఎప్పుడూ ఉండదు. స్ప్రూస్ టాప్ అని ఉంటుంది, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్ అని ఉంటుంది, మీ చేతికి రాబోయే ఆ ఒక్క పీస్‌లో ఎత్తు ఎంతో ఉండదు. ఉన్నా పెద్ద లాభం లేదు, ఎందుకంటే అది దారిలో మారిపోతుంది. ఆరు స్టీల్ తీగలు కలిపి మెడను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురుగా మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ పనిచేస్తుంది. చెక్క గాలిలో తేమను పీలుస్తుంది, వదులుతుంది. గిటార్ కంపెనీలు సాధారణంగా 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమంటాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తేమకి పైచెక్క ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండకి ఫింగర్‌బోర్డ్ కుంచించుకుపోయి ఫ్రెట్ల చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటాయి. గోడౌన్లో కొన్నాళ్లు, వ్యాన్‌లో కొన్నాళ్లు గడిపొచ్చిన గిటార్ ఫ్యాక్టరీ నుంచి బయలుదేరినట్టే ఉంటుందని గ్యారంటీ ఏంటి?

మా రూమ్‌మేట్ ఒక సైట్‌లో కాంబో తెప్పించాడు. గిటార్, బ్యాగు, బెల్టు, పిక్కులు, ఎక్స్‌ట్రా తీగలు అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర. అన్‌బాక్సింగ్ బాగానే జరిగింది. రెండు వారాల తర్వాత ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయాడు. నేను కొలిస్తే 12వ ఫ్రెట్ దగ్గర దాదాపు 4 మి.మీ. ఉంది. రిటర్న్ గడువు అప్పటికే అయిపోయింది. సికింద్రాబాద్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన గిటార్‌ని కంటికి ఆనించి, తుపాకీ గురి చూసినట్టు మెడ పొడవునా చూసి, "మెడ వంగింది బాబూ, సాయంత్రం రా" అన్నాడు. ఎల్-కీతో ట్రస్ రాడ్ తిప్పి, శాడిల్‌ని అంటే తీగలు కింద ఆనే తెల్లటి పట్టీని బయటికి తీసి అడుగున గీశాడు. ఇక్కడో చిన్న జామెట్రీ ఉంది. 12వ ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగం, కాబట్టి అక్కడ 1 మి.మీ. దించాలంటే శాడిల్‌ని 2 మి.మీ. తగ్గించాలి. ఎక్కువ గీస్తే తీగలు ఫ్రెట్లకు తగిలి జుయ్‌మంటాయి, మళ్లీ కొత్త శాడిల్ వేయాల్సిందే. అందుకే ఇది యూట్యూబ్ చూసి మొదటిరోజే చేసే పని కాదు. ఆయన తీసుకుంది 600 రూపాయలు. నాలుగు వేల గిటార్‌ని వాయించదగ్గ గిటార్‌గా చేసింది ఆ ఆరొందలే.

దీన్నే సెటప్ అంటారు. షాపులో కొంటే మీకు దక్కే అసలు లాభం ఇదే. చాలా షాపులు కొన్నప్పుడు ఇది ఉచితంగానే చేసిస్తాయి, కాకపోతే నోరు తెరిచి అడగాలి. "అన్నా, యాక్షన్ కొంచెం దించి ఇవ్వు" అంటే చాలు, మీకు విషయం తెలుసని అతనికి అర్థమవుతుంది, ఆ తర్వాత మాట తీరే మారుతుంది.

సరే, షాపుకెళ్లారు. వాయించడం రాదు. ఏం చూడాలి? జేబులో ఉన్నవే చాలు.

ముందు ఫోన్‌లో ఏదైనా ఉచిత ట్యూనర్ యాప్ వేసుకుని ఆరు తీగలూ శృతి చేయమనండి. కొలతలన్నీ ఆ తర్వాతే, వదులు తీగలతో చూస్తే అన్నీ తప్పు లెక్కలే. ఇప్పుడు పర్సులోంచి డెబిట్ కార్డులు తీయండి. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని మామూలు కార్డు మందం ప్రపంచమంతా 0.76 మి.మీ. అదో అంతర్జాతీయ ప్రమాణం. మూడు కార్డులు కలిపితే 2.28. ఆ మూడింటినీ 12వ ఫ్రెట్ మీద పడుకోబెట్టి లావు తీగ కిందికి జరపండి. తీగని పైకి ఎత్తకుండా, తగిలీ తగలనట్టు దూరితే బాగున్నట్టు. నాలుగో కార్డు కూడా సులువుగా దూరిందంటే 3 మి.మీ. దాటినట్టే. "సెటప్ చేసిస్తావా, వేరే పీస్ చూపిస్తావా" అని అడగండి.

తర్వాత ఒక్కో తీగని ముందు వదిలి మీటండి, యాప్‌లో ముల్లు సున్నా దగ్గర ఉండాలి. అదే తీగని 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం, ఒక స్థాయి పైన రావాలి. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు. ముల్లు ఐదు సెంట్లు అటూఇటూ ఉంటే దిగుల్లేదు. పదిహేను, ఇరవై తేడా ఉంటే ఆ గిటార్ పైకి వెళ్లేకొద్దీ అపశృతే పలుకుతుంది. తీగలు తుప్పు పట్టినా ఇలా రావచ్చు, కాబట్టి కొత్త తీగలు వేయించి ఇంకోసారి చూడమనండి. చివరగా ఓపిక పని: ఆరు తీగలు, పద్నాలుగు ఫ్రెట్లు, మొత్తం 84 చోట్ల ఒక్కొక్కటిగా నొక్కి మీటండి. ఎక్కడైనా జుయ్ శబ్దం వస్తే సాధారణంగా దాని తర్వాత, బాడీ వైపు ఉన్న ఫ్రెట్ ఏదో ఎత్తుగా ఉన్నట్టు. నాలుగైదు నిమిషాలు పడుతుంది. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మీరు ఇచ్చేది ఎనిమిది, పది వేలు.

సౌండ్ సంగతికొస్తే, షాపతన్నే వాయించమని మీరు ఎదురుగా నిలబడండి. గిటార్ శబ్దం ముందుకు పోతుంది, వాయించేవాడికంటే ఎదురుగా ఉన్నవాడికి బాగా తెలుస్తుంది. ఇంకా చెప్పాలంటే, రెండు మోడళ్లను పోల్చే యూట్యూబ్ వీడియోల్ని ఫోన్ స్పీకర్‌లో విని నిర్ణయం తీసుకోవద్దు. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, మన ఫోన్ల బుల్లి స్పీకర్లు ఆ కింది భాగాన్ని పలకనే పలకవు. అంటే మీరు సగం గిటార్ విని మొత్తానికి మార్కులేస్తున్నారన్నమాట.

ఇప్పుడు షాపుల రెండో ముఖం.

మొదటిది, స్టాకు. జిల్లా కేంద్రాల్లో షాపులంటే చాలావరకు హార్మోనియం, తబలా, డోలక్, భజన తాళాలు, మధ్యలో గోడకు నాలుగు గిటార్లు. మీరు యమహా ఎఫ్310 అడిగితే "అది లేదు తమ్ముడూ, ఇది దానికన్నా బెస్ట్" అని ఎప్పుడూ వినని పేరున్న గిటార్ చేతిలో పెడతారు. బెస్ట్ అయినా కావచ్చు, లేదా దాని మీద మార్జిన్ ఎక్కువైనా కావచ్చు. పైన చెప్పిన కార్డుల పరీక్షకి బ్రాండ్‌తో పనిలేదు కాబట్టి అందులో నెగ్గితే ఆలోచించండి, నెగ్గకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒక షాపులో అయితే పడమటి ఎండ నేరుగా పడే అద్దం వెనక గిటార్లు వేలాడదీశారు. ఎండ తగులుతోంది కదా అన్నా అంటే, "చెక్క ఎంత ఆరితే సౌండ్ అంత బాగుంటది" అన్నాడు. ఆరేది అప్పడం అయితే నిజమే.

ధర ఇంకో తలనొప్పి. చాలాచోట్ల ట్యాగ్ ఉండదు, మీ మొహం చూసి, ఐడీ కార్డు తాడు చూసి చెప్తారు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్తే మెడలోని ట్యాగ్ తీసి జేబులో పెట్టుకోండి, సరదాకి చెప్పట్లేదు. బేరం ఆడటం రాని వాళ్లకి ఇది నిజంగా ఇబ్బందే, ఆ విషయంలో ఆన్‌లైన్ ఎంతో మర్యాద.

ఎడమచేతి వాటం వాళ్లకైతే షాపులతో పెద్దగా ఉపయోగం లేదు. మా టీమ్‌లో ఒకమ్మాయికి రెండు షాపుల్లో "తీగలు తిప్పి కట్టేస్తే అయిపోతుంది మేడమ్" అని చెప్పారు. అయిపోదు. నట్ మీద గాడులు ఒక్కో తీగ లావుకి తగ్గట్టు కోసి ఉంటాయి, శాడిల్ కూడా ఒక పక్కకి వాలుగా ఉంటుంది. ఊరికే తిప్పి కడితే తీగలు సరిగ్గా కూర్చోవు, శృతీ నిలవదు. ఆమె చివరికి ఆన్‌లైన్‌లోనే లెఫ్ట్ హ్యాండ్ మోడల్ తెప్పించుకుని, సెటప్ మాత్రం షాపులో చేయించుకుంది. నన్నడిగితే ఊళ్లో మంచి మోడళ్లు దొరకని ఎవరికైనా ఇదే సరైన దారి. సెటప్ డబ్బులు బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టుకుంటే చాలు.

కీబోర్డు దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. అది చాలావరకు ఎలక్ట్రానిక్ వస్తువు. ఒకే మోడల్ రెండు పీసులు ఒకేలా ఉంటాయి, తేమకి వంగవు. కాబట్టి ధర తక్కువ ఎక్కడుంటే అక్కడ కొనుక్కోవచ్చు. అయినా ఒక్కసారి షాపుకెళ్లి కీలు నొక్కి చూడమంటాను, టచ్ రెస్పాన్స్ కోసం. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడమే అది. యమహా పీఎస్ఆర్-ఎఫ్52 లాంటి ఎంట్రీ మోడళ్లలో ఇది లేదు, ఎలా నొక్కినా ఒకే సౌండ్. సీరియస్‌గా నేర్చుకోవాలనుకునే వాళ్లు అక్కడ డబ్బు మిగుల్చుకోకపోవడం మంచిది. మన పాటలకి వాయించాలంటే భారతీయ రిథమ్‌లు ఉన్న మోడళ్లున్నాయి, యమహా పీఎస్ఆర్-ఐ500, కేసియో సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటివి. వాటిలో తబలా, డోలక్ ఎంత సహజంగా వినిపిస్తాయో పేజీలో చదివితే తెలియదు. చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు ఎక్కువగా తిరిగే షాపయితే ఇంకా మంచిది. అక్కడ కూర్చుని ఉన్న కస్టమరే మీకు షాపతను చెప్పని నిజాలు చెప్తాడు. పాత కీబోర్డు ఎక్స్‌చేంజ్ కూడా ఇలాంటి చోట్లే నడుస్తుంది.

కీబోర్డు అడాప్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త. బాక్సులో లేకపోతే "ఇది అన్నిటికీ పనిచేస్తది" అని ఒకటి ఇస్తారు. అన్నిటికీ పనిచేసేది ఏదీ లేదు. యమహా పోర్టబుల్ మోడళ్లు చాలావరకు 12 వోల్టులు. పాత కేసియోలు కొన్ని 9 వోల్టులు, అదీ పిన్ మధ్యలో నెగిటివ్. ఫోన్ ఛార్జర్‌లా ఇది మాట్లాడుకుని సర్దుకునే రకం కాదు, ఎంత వోల్టేజ్ ఇస్తే అంతా లోపలికి పోతుంది. కీబోర్డు వెనక ముద్రించిన వోల్టేజ్, ప్లస్ మైనస్ గుర్తు చూసి పోల్చుకోండి.

ఆడియో ఇంటర్‌ఫేస్, మిడీ కంట్రోలర్, కేబుళ్లు, మైక్ స్టాండ్ ఇవన్నీ నేను ఆలోచించకుండా ఆన్‌లైన్‌లోనే కొంటాను. చిన్న షాపుల్లో ఇవి ఉండవు, ఉన్నా పాత జనరేషన్‌వి కొత్త ధరకి ఉంటాయి. మైకులు, తీగల దగ్గర మాత్రం అమ్మేది ఎవరో చూడండి. షూర్ ఎస్ఎం58 మైక్‌కి నకిలీలు ఎంత ఎక్కువంటే ఆ కంపెనీయే హెచ్చరికలు ఇచ్చుకుంటుంది. సగం ధరకి దొరికిందంటే, ఆన్‌లైన్ అయినా షాపయినా, అది అసలుది కాదనే అనుకోండి.

ఇక వీణ, మృదంగం లాంటివి ఈ చర్చలోకే రావు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ నుంచి వీణ చెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. వీణకున్న 24 మెట్లని మైనంలో ఒక్కొక్కటిగా చెవితో వింటూ నిలబెడతారు, మేళం కట్టడం అంటారు. వాడేకొద్దీ ఆ మైనం కదులుతుంది, కొన్నాళ్లకి మళ్లీ కట్టించాలి. వీణ కొనడమంటే ఒక వస్తువుతో పాటు ఒక మనిషితో కూడా సంబంధం పెట్టుకోవడం. గిటార్ విషయంలో సికింద్రాబాద్ పెద్దాయన్ని చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: షాపులో వాయించి చూసి ఆన్‌లైన్‌లో కొనొచ్చా? కొనొచ్చు, ఎవరూ ఆపరు. కానీ గిటార్ దగ్గర అది తెలివైన పని కాదు. మీరు పరీక్షించింది గోడకున్న ఆ పీస్‌ని, ఇంటికొచ్చేది వేరే పీస్. 84 నోట్లు నొక్కి ఏరుకున్నదాన్ని వదిలేసి లాటరీ టికెట్ కొన్నట్టు. దానికి బదులు ఫోన్‌లో ఆన్‌లైన్ ధర చూపించి మాట్లాడండి. ధర పూర్తిగా కలవకపోవచ్చు. తేడా ఐదారొందలే అయితే సెటప్, ప్యాడింగ్ ఉన్న బ్యాగు, ఒక సెట్ తీగలు అడగండి, ఎక్కువసార్లు ఒప్పుకుంటారు. తేడా రెండు వేలు దాటితే మొహమాటపడకుండా ఆన్‌లైన్‌కి వెళ్లిపోండి. వచ్చిన రోజే కార్డులు, ట్యూనర్‌తో ఇదే పరీక్ష చేయండి, రిటర్న్ గడువు ఉన్నప్పుడే. ప్యాకింగ్ విప్పేటప్పుడు వీడియో తీయడం మర్చిపోవద్దు, మెడ పైభాగం విరిగొస్తే అదే సాక్ష్యం.

బిల్లు గురించి ఒక మాట. "బిల్లు కావాలంటే జీఎస్టీ ఎక్స్‌ట్రా" అంటారు, వద్దనకండి. వారంటీకి అదే ఆధారం. సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. చాలా బిల్లుల కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంటుంది. నచ్చలేదని వెనక్కి ఇవ్వబోతే ఆ మాట చెల్లుతుందేమో గానీ, లోపం ఉన్న వస్తువు విషయంలో చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే మెడ వంగిందని షాపుకి తీసుకెళ్లినప్పుడు మొదటి వాక్యమే చట్టంతో మొదలుపెట్టకండి. చాలావరకు అతనే ఎల్-కీ తీసి పదినిమిషాల్లో సరిచేసి ఇస్తాడు.

వెళ్లే టైమ్ కూడా చూసుకోండి. ఆదివారం సాయంత్రం షాపు నిండా జనం, పక్కన ఒకడు డ్రమ్స్ బాదుతుంటాడు, మీ తీగ జుయ్‌మన్నా వినపడదు. మామూలు రోజు పొద్దున పదకొండు గంటల ప్రాంతం మంచిది. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజు చూసుకుని, స్టాండప్ కాల్ అయిపోయాక వెళ్లండి.